వెయ్యి కొట్టాల్నా, రెండు వేలు కొట్టాల్నా?

"తాతా, నువ్వు పట్నంల అంత పెద్ద పుస్తకాల కంపెనీల కొలువు చేసినవంట గదా, దినమంత కుర్సీల కూసోని నవలలు చదువుడేనా నీ పని?" అని మా మనుమరాలు అడుగుతది. ఆమె ఒక్కతే కాదు, మన సిద్దిపేటల చానమంది గట్లనే అనుకుంటరు. జర ఆ పత్తికట్టె మంటలకు నూకు బిడ్డా, పుష్యమాసం చలి ఎముకలకు దిగుతున్నది. చెప్త, ఇనుండ్రి.

నవలలు చదువుడు తర్వాత సంగతి. నా మొదటి పని మూటలు కట్టుడు. ఎమర్జెన్సీ ఎత్తేసిన యేడు, 1977ల, డిగ్రీ కాయితం సంచిల పెట్టుకోని కరీంనగర్ రోడ్డు మీద బస్సెక్కి పట్నం పోయిన. అప్పుడు మనది జిల్లా కాదు, మెదక్ జిల్లాల ఒక తాలూకా. తెలిసినాయన ఒకాయన ఒక పెద్ద ప్రచురణ సంస్థల పెట్టించిండు. దాని పేరెందుకు తియ్యి? మంచి చెప్త, చెడ్డ చెప్త, అందుకే పేరు వద్దు. మేనేజరు సారు నా డిగ్రీ కాయితం దిక్కు చూడనే లేదు. "సుతిలితోని కట్ట కట్టుడొస్తదా?" అన్నడు. "వ్యవసాయం చేసెటోని కొడుకును సారూ, మోపు కట్టుడు రాదా?" అన్న. ఆ ఒక్క మాటతోని కొలువు దొరికింది.

గోదాం అంటే సగం చీకటి అర్ర. నేల మీద చెక్కలు, చెక్కల మీద ఎత్తుకెత్తు పుస్తకాల కట్టలు. నేలకు ఆనిస్తే చెద పడ్తది, గోడకు ఆనిస్తే చెమ్మ పడ్తది. ఎలుకల బాధ వేరే. పొద్దుగాల ఆర్డర్ల చిట్టీలు వస్తుండె. ఖమ్మం దుకాణానికి ఇవి పది, జగిత్యాలకు అవి ఐదు అని ఏరి, కట్టలు కట్టి, గోనెపట్ట చుట్టి, సూదితోని కుట్టి, నల్లసిరాతోని ఊరి పేరు రాసేది. పొద్దుమీకి రిక్షాల వేస్కోని కొన్ని గౌలిగూడ బస్టాండుకు, కొన్ని నాంపల్లి స్టేషనుకు, చిన్నచిన్నవి పోస్టాఫీసుకు. చిన్నవాటిల చానవరకు వి.పి.పి.లే. పోస్టుమాను పుస్తకం చేతికిచ్చి పైసలు తీసుకుంటడు. ఇంట్ల లేమనో, పైసలు లేవనో వాపసు చేస్తే ఆ పుస్తకం మూలలు నలిగి మళ్ళ మా గోదాంకే వచ్చేది. కొత్త పుస్తకం రాంగనే నాలుగు కాపీలు పక్కకు తియ్యాలె. 1954ల చేసిన చట్టం ఒకటుంది. దాని ప్రకారం కలకత్తా నేషనల్ లైబ్రరీకి, మద్రాసు కన్నెమరా లైబ్రరీకి, బొంబాయి, ఢిల్లీ లైబ్రరీలకు ఒక్కొక్కటి పంపాలె. గోదాంల ఉన్నోనికి ఒక్క సంగతి మాత్రం బాగ తెలుస్తది: ఏ పుస్తకం కదులుతున్నది, ఏది దుమ్ము తింటున్నది. పత్రికల ఎంత పొగిడినా సరే, కట్ట కట్ట తీరుగనే ఉంటే దాని కథ మాకు తెలుసు.

కొన్ని దినాలకు నన్ను ప్రెస్సు పని చూసుకొమ్మన్నరు. అది ఇంకో లోకం. అప్పటికి కంప్యూటరు లేదు, సీసం అక్షరాలు. ఇంగ్లీషుకు రెండు అరల పెట్టెలైతే సరిపోతది. మన తెలుగుకు గుణింతాలు, వత్తులు, అన్నీ కలిసి కంపోజిటరు చుట్టూ గోడ కట్టినట్టు పెట్టెలే. ఆయన చూడకుంటనే చెయ్యి పెడ్తడు, కావాల్సిన అక్షరమే వస్తది. స్టిక్కుల ఒక్కొక్కటి పేర్చి, పంక్తి చేసి, పంక్తులన్ని గ్యాలీల కట్టి ప్రూఫు తీస్తడు. సీసం ఒంటికి మంచిది కాదు; దానికి విరుగుడని పని అయినంక బెల్లంముక్క నోట్లె వేసుకునేటోళ్ళు. మడతపెట్టుడు, కుట్టుడు బైండింగు షెడ్డుల ఆడోళ్ళు చేసేది. ఫారానికి ఇంత అని కూలి. మైదాపిండి లయి ఉడకబెట్టి, పురుగు పట్టకుంట అండ్ల మైలుతుత్తం కలిపేటోళ్ళు. పుస్తకం మీద రచయిత పేరుంటది, ముద్రించినోని పేరుంటది. ఆ ఆడోళ్ళ పేరు ఒక్కతాన కనవడదు.

ఫారమంటే ఏందంటవా? పెద్ద కాయితానికి అటు ఇటు అచ్చేసి మడతపెడ్తే 16 పేజీలైతది, అది ఒక ఫారం. 160 పేజీల పుస్తకమంటే పది ఫారాలు. వెయ్యి కాపీలు కొట్టాలంటే పది వేల కాయితాలు, అంటే 20 రీములు, ఖరాబయ్యేది అదనం. రీములు సిర్పూర్ కాగజ్‌నగర్ నుంచో, రాజమండ్రి నుంచో వచ్చేటివి. సిర్పూర్‌ది నిజాం జమానాల పెట్టిన మిల్లు. 2014ల బందయింది, మళ్ళ 2018ల నడిపిచ్చిన్రు. కాయితం ధర పెరిగిందంటే మా కంపెనీల అందరి మొఖాలు మాడేటివి.

అసలు ముచ్చట ఇక్కడున్నది. సీసం అక్షరాలు ఒక పుస్తకానికే కట్టేసి పెట్టుకుందామంటే కుదరదు. నాలుగు ఫారాలు కంపోజు చేసి అచ్చయినంక అక్షరాలన్ని విడదీసి మళ్ళ పెట్టెలల్ల వెయ్యాలె, అప్పుడే తర్వాతి ఫారాలకు అక్షరాలు దొరుకుతయి. అంటే పుస్తకం చాలకపోతే రెండో ముద్రణకు మళ్ళ మొదటి అక్షరం కాంచి పేర్చాలె, మళ్ళ ప్రూఫు దిద్దాలె. అందుకని మొదలే తేల్చుకోవాలె: వెయ్యి కొట్టాల్నా, రెండు వేలు కొట్టాల్నా? ఎక్కువ కొడ్తే గోదాంల చెదకు పెట్టినట్టు, తక్కువ కొడ్తే అడిగినోనికి లేదన్నట్టు. వాన మొఖం చూడకముందే దుక్కిల విత్తనం వేసే రైతు ఎంత ధైర్యం చేస్తడో, పుస్తకం అచ్చేసెటోడు గూడ అంతే ధైర్యం చేస్తడు. మా పెద్దసారు ప్రింటు ఆర్డరు కాయితం ముంగట పెట్టుకోని, కండ్లద్దాలు తీసి తుడిచి, మళ్ళ పెట్టుకోని, గోదాం మనిషిని పిలిచేటోడు. "మొన్నటిది ఎట్ల పోయింది?" అని అడిగేటోడు. ఎమ్మేలు చదివిన ఎడిటర్లు ముగ్గురున్నా, ఆ అంకె కాడికొస్తే కట్టలు కట్టెటోని మాటే ఇనేటోడు.

పైసల లెక్క చెప్త. పుస్తకం ధర వంద రూపాయలనుకో. దుకాణమోళ్ళకు, డిస్ట్రిబ్యూటర్లకు 35 నుంచి 40 పోతది. కాయితం, అచ్చు, బైండింగుకు 25 నుంచి 30. రచయితకు రాయల్టీ 10. మిగిలిన దాంట్లె జీతాలు, గోదాం కిరాయి, మిత్తి, అమ్ముడుపోనిదాని నష్టం. మా కంపెనీల లెక్క దాదాపు గిట్లుండె. గ్రంథాలయాలు కొంటే ఊపిరి పీల్చుకునేటోళ్ళం. మనం ఇంటిపన్ను కట్టినప్పుడు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కడ్తం. ఆ పైసలతోనే జిల్లా గ్రంథాలయ సంస్థలు నడుస్తయి. మన పైసలతోని కొన్న పుస్తకాలవి, యాది పెట్టుకోండ్రి.

ఆ తర్వాత ప్రూఫుల అర్రల కూసున్న. ఇద్దరం కూసోవాలె: ఒకడు రాతప్రతి బయటికి చదువుతడు, ఇంకొకడు ప్రూఫు మీద దిద్దుతడు. కథ బాగున్నదని దాంట్ల పడ్డవా, తప్పు జారిపోతది. అందుకే అర్థం పక్కన పెట్టి అక్షరం చూడాలె. మనుమరాలు అడిగిన నవలలు చదువుడు గిదే: వందల నవలలు చదివిన, కథ మాత్రం ఒక్కటీ సరిగ యాదిల లేదు.

ఆ అర్రల నాకు మనసుకు తగిలిన సంగతి ఒకటున్నది. మన దిక్కు రచయిత రాసిన కథ వస్తే, పాత్రలు మాట్లాడే మాటల గూడ "పొద్దుగాల", "సోపతి", "యాది" అని ఉంటే సున్న చుట్టి పక్కన "ఉదయం", "స్నేహం", "జ్ఞాపకం" అని రాయుమనేటోళ్ళు. మా అమ్మ మాట్లాడే మాట నా చేతనే తప్పని దిద్దించిన్రు. నేను ఒకపారి అడిగిన: "సారూ, పాత్ర సిద్దిపేట అంగడిల బేరం చేస్తున్నది, పుస్తకం భాష మాట్లాడుతదా?" అని. "అందరికి అర్థం కావాలె గదయ్యా" అన్నరు. ఆ "అందరు" అనే దాంట్ల మనం లేము. తర్వాత తర్వాత కాలం మారింది. మన సిద్దిపేట కాంచే నందిని సిధారెడ్డి గారసుంటి కవులు, మంజీర రచయితల సంఘం మన మాటను నిలబెట్టిన్రు. తెలంగాణ వచ్చినంక కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని భాషా దినమన్నరు. 2017ల తెలంగాణ సాహిత్య అకాడమీ పెడ్తే మొదటి అధ్యక్షుడు సిధారెడ్డి గారే. ఇప్పుడు మన మాట పుస్తకంల ఉంటే ఎవ్వలూ సున్న చుట్టరు.

మా ప్రూఫుల అర్రల ఒక ముసలాయన ఉండె. ఆయన వట్టికోట ఆళ్వారుస్వామి ముచ్చట్లు చెప్తుంటే మేం చాయ చల్లారేదాక ఇనేటోళ్ళం. ఆళ్వారుస్వామి నల్లగొండ జిల్లాల 1915ల పుట్టిండు. పెద్ద చదువు లేదు, ఒకరింట్ల వంట చేసిండు, హోటల్ల పని చేసిండు, గోలకొండ పత్రికల ప్రూఫులు దిద్దిండు. 1938ల సికింద్రాబాదుల దేశోద్ధారక గ్రంథమాల పెట్టిండు. నిజాం రాజ్యంల తెలుగు పుస్తకం అచ్చేసుడే కష్టమైన కాలం. ఆయన అచ్చేసి ఊకోలె. పుస్తకాలు ఎత్తుకోని ఊరూరు తిరిగి అమ్మిండు. జైలుకు పోయిండు. "ప్రజల మనిషి" అనే నవల రాసిండు. 1961ల పోయిండు. ఆళ్వారుస్వామి కంటె ముందే, 1906ల, కొమర్రాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు గార్లసుంటి పెద్దలు హైదరాబాదులనే విజ్ఞాన చంద్రికా గ్రంథమాల పెట్టిన్రు. వాళ్ళ మొదటి పుస్తకం గాడిచర్ల వారు రాసిన అబ్రహాం లింకన్ చరిత్ర. ఏడనో అమెరికాల బానిసత్వం తీసేసినాయన కథ కాంచి మన పట్నంల ప్రచురణ మొదలువెట్టిన్రు, చూడుండ్రి. "అచ్చేసుడు సగం పనే, చేర్చుడు మిగిలిన సగం" అని ఆ ముసలాయన దినాం అనేటోడు.

ఆ మిగిలిన సగం నేను గూడ చేసిన. అమ్మకాల విభాగంల వేసిన్రు. సంచిల పుస్తకాల జాబితా, ఆర్డరు బుక్కు, రెండు జతల బట్టలు. కొమురెల్లి మల్లన్న జాతరల బల్ల వేసినం. పట్నంల మా ఎడిటర్లు "జాతరకొచ్చెటోళ్ళు పుస్తకాలేం కొంటరు?" అన్నరు. పంచాంగాలు, పెద్దబాలశిక్షలు పోతయని నాకు తెలుసు. పెద్దబాలశిక్ష మా తాతల కాలం కాంచి ఉన్న పుస్తకం, ఇయ్యాల్టికి అమ్ముడుపోతనే ఉంది. కానీ ఒకామె వచ్చి, బిడ్డ పదో తరగతి అంట, "మా పిల్లకు కథల పుస్తకం ఇయ్యి, పెద్దగ ఉండాలె, తొందరగ ఒడువొద్దు" అన్నది. గసుంటి మాట ఏ ఎడిటోరియల్ మీటింగుల నేనినలే. కొనెటోళ్ళు లేరనే మాట ఆఫీసు కుర్సీల పుడ్తది. రోడ్డు మీదికి పోతే కనవడేది వేరే: అడిగెటోళ్ళున్నరు, అందిచ్చెటోళ్ళు లేరు.

అది ముందుగాలనే తెలుసుకున్న సంస్థలు లేకపోలేదు. విశాలాంధ్రోళ్ళు వ్యానుల నిండ పుస్తకాలు పెట్టి ఊర్లల్ల తిప్పిన్రు. మాస్కోల ప్రగతి, రాదుగ ప్రచురణాలయాలు తెలుగులనే అచ్చేసి పంపిన పుస్తకాలు గూడ వాళ్ళ దుకాణాలల్లనే దొరికేటివి. గట్టి అట్ట, మందం కాయితం, ధర మాత్రం చాయపైసలంత. ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి గార్లసుంటోళ్ళు మాస్కోకు పోయి అక్కడ కూసోని తెలుగు చేసిన్రు. ఆ పుస్తకాలు చదివి పెద్దగైన పోరగాళ్ళు మన దిక్కు ఎందరో. 1991ల సోవియట్ దేశం కూలినంక ఆ రాకడ బందయింది. మచిలీపట్నంల మొదలైన ఎమెస్కో పాకెట్ పుస్తకాలు తెచ్చి నవలను మధ్యతరగతి ఇంట్లకు తీస్కపోయింది. 1980ల సి.కె. నారాయణరెడ్డి గారు మొదలువెట్టిన హైదరాబాద్ బుక్ ట్రస్ట్ తక్కువ ధరకు పుస్తకాలు వేసింది. గీతా రామస్వామి గారు ఏండ్లకేండ్లు దాన్ని నడిపిచ్చిన్రు. అలెక్స్ హేలీ రాసిన "రూట్స్"ను సహవాసి గారు "ఏడుతరాలు" అని తెలుగు చేస్తే, ఆఫ్రికా బానిసల కథ మన పల్లెలల్ల వెట్టిచాకిరి చేసినోళ్ళ ఇండ్లకు చేరింది. ఇంటరు, డిగ్రీ తెలుగు మీడియం పిల్లలకు 1968ల పెట్టిన తెలుగు అకాడమీ ఆధారమైంది. అది పెట్టిచ్చినాయన మన పీవీ నరసింహారావు గారు.

ఇంగ్లీషు పుస్తకాల కంపెనీలు గూడ మన పట్నంల ఉన్నయి. హిమాయత్‌నగర్ల ఓరియంట్ లాంగ్‌మన్ ఉండె. 2008 కాంచి ఓరియంట్ బ్లాక్‌స్వాన్ అంటున్నరు. దాని మూలం 1724ల లండన్ల పెట్టిన లాంగ్‌మన్ దుకాణం. అబ్దుల్ కలాం గారి "వింగ్స్ ఆఫ్ ఫైర్" 1999ల ఢిల్లీ కాంచి రాలె, హైదరాబాదు యూనివర్సిటీస్ ప్రెస్ కాంచి వచ్చింది. దాన్ని వాడ్రేవు చినవీరభద్రుడు గారు తెలుగు చేస్తే "ఒక విజేత ఆత్మకథ" అని ఎమెస్కో వేసింది.

రచయితల ముచ్చట గూడ చెప్పాలె. కొందరు రాతప్రతి తెచ్చి బల్ల మీద పెట్టేటప్పుడు చెయ్యి వణుకుతుండె. మా కంపెనీల రాతప్రతి ఆర్నెల్లు బీరువల పడి ఉండుడు నేను చూసిన, అది మంచి పద్ధతి కాదు. రాయల్టీ లెక్క యేడుకొకపారి మార్చి తర్వాత చేసేది. ఒక పెద్దమనిషి కథల సంపుటికి యేడంతల వచ్చిన రాయల్టీ, ఆయన ఊరి కాంచి రానుపోను బస్సుచార్జీలకు సరిపోలె. ఆయన నవ్వి, "ఎంతమంది కొన్నరో ఆ అంకె చెప్పు చాలు" అన్నడు. రచయితకు గూడ అంకెనే కావాలె.

1990లల్ల కంప్యూటరు వచ్చింది. అను ఫాంట్లు, పేజ్‌మేకర్, ట్రేసింగ్ కాయితం, ఆఫ్‌సెట్ ప్లేటు. సీసం పెట్టెలు కిలోల లెక్కన పాత సామాన్లోనికి పోయినయి. చూడకుంట అక్షరం తీసే కంపోజిటర్లల్ల కొందరు కీబోర్డు నేర్సుకున్నరు, కొందరు ఊరికి మర్లిన్రు. మంచేందంటే, రెండో ముద్రణకు మళ్ళ పేర్చే పని లేదు. ఇప్పుడైతే నూరు కాపీలు గూడ కొట్టిచ్చుకోవచ్చు, అయిపోతే ఇంకో నూరు. మా పెద్దసారు కండ్లద్దాలు తుడుసుకునే కష్టం చానవరకు తప్పింది. 1985ల మొదలైన హైదరాబాదు బుక్ ఫెయిర్‌కు ఇయ్యాల ఎంత జనం వస్తున్నరో మీరే చూస్తున్నరు. 2023ల సికింద్రాబాదు కాంచి మన సిద్దిపేటకు రైలు గూడ వచ్చింది. కట్ట చేరుడు కష్టం కాదు ఇప్పుడు.

మరి పెద్ద కంపెనీల పని ఎట్లుంటదంటే, ఇదే చెప్త. పేరు రాదు, పైస ఎక్కువ రాదు. వెయ్యిమంది చేతులకు పోయేదాంట్ల మన చెయ్యి ఒకటుందని తెలుస్తది. అచ్చేసుడు సులువైంది. కానీ ఏది అచ్చెయ్యాలె, ఎందరికి కావాలె అనేది ఇయ్యాల్టికి ఏ మిషనూ చెప్తలేదు. అది చెప్పాల్సింది చదివెటోళ్ళే. పట్నంల కూసున్నోనికి మీరు కనవడరు, మీ ఆర్డరు చిట్టీ కనవడ్తది.

అందుకే ఒక్కటే అడుగుత. మన ఊరి దుకాణంల గానీ, మన జిల్లా గ్రంథాలయంల గానీ మీకు కావాల్సిన పుస్తకం లేకపోతే ఊకె మర్లి రాకుండ్రి. పుస్తకం పేరు, రచయిత పేరు కాయితం మీద రాసిచ్చి, తెప్పియ్యుమని అడగుండ్రి. పదిమంది గట్ల అడిగితే, సిద్దిపేటల చదివెటోళ్ళు లేరని ఇంకోపారి ఎవ్వలూ అనలేరు.